ఏడో వరస, నడవా పక్క సీటు

మంచు మీద రబ్బరు బిళ్లతో హాకీ ఆడే మా ఊరి రింకులో తొమ్మిది వందల మంది పడతారు. యాభై ఎనిమిది మార్చిలో ఆర్నె కోస్కెలా ముఖం పగిలిన ఆటను కళ్లారా చూశామని చెప్పుకునేవాళ్లు మాత్రం నాలుగు వేలకు తక్కువ ఉండరు. అప్పటికి పుట్టనివాళ్లు కూడా చూశారు. పాత ఆటల మాట వస్తే మా దగ్గర మొదట అడిగేది ఒక్కటే: "నువ్వెక్కడ కూర్చున్నావు?" దానికి తడుముకోకుండా జవాబు చెప్పలేనివాడు ఎంత బాగా మాట్లాడినా ఎవరూ వినరు.

నేను చెప్పగలను. తప్పు చేసిన ఆటగాళ్లను కూర్చోబెట్టే పెనాల్టీ బాక్సు వెనక, ఏడో వరస, నడవా పక్క సీటు. అది నిజం. ఆ ఆట గురించి నలభై ఎనిమిదేళ్లలో నేను చెప్పిన నిజం అదొక్కటే.

రోజూ పొద్దున రింకులో కాఫీ కౌంటరు దగ్గర చేరతాం. గని నుంచి రిటైరైనవాళ్లకు ఈ ఊళ్లో ఇంకెక్కడికి పోవాలో తెలియదు. ఆ మంగళవారం బయట మైనస్ ముప్పై రెండు. ఆర్మాన్ గిల్బో డోనట్ కాఫీలో ముంచుతూ పాత గోల్‌కీపర్ల చిట్టా విప్పాడు. గని కింద ముప్పై ఏళ్లు నా పక్కన పనిచేసినవాడు కాబట్టి నేను వింటున్నానా లేదా అని చూడడు.

"బూడ్రోని మించినోడు పుట్టలేదురా. మొహం మీద తొంభై కుట్లు. నవ్వితే బూటు లేసు బిగించినట్టుండేది."

"నువ్వు చూశావేంటి బూడ్రోని? అప్పటికి నీకు పాలపళ్లు కూడా ఊడలేదు," అన్నాడు విల్ఫ్ టర్నెల్. అభిమానుల సంఘానికి అధ్యక్షుడు, కార్యదర్శి, నోరు అన్నీ విల్ఫే. "మెక్రే సంగతి చెప్పు. గోలు స్తంభాలతో మాట్లాడేవాడు. అవి జవాబిచ్చేవట కూడా."

"జవాబిచ్చింది స్తంభాలు కాదురా, జేబులో సీసా."

"ఏదైతే ఏం, ఆపాడు కదా! ఇప్పటోళ్లేంట్రా, ఒళ్లంతా పరుపులు చుట్టుకుని నిలబడతారు. మా అత్తని నిలబెట్టినా ఆపుద్ది."

"మీ అత్త అడ్డంగా నిలబడితే బిళ్ల కాదు, రైలే ఆగుద్ది."

నవ్వులయ్యాక అందరూ ఆర్నె దగ్గరకు వచ్చారు. ఎప్పుడూ అంతే. మిగతా గోల్‌కీపర్ల మీద జోకులు వేస్తారు గానీ ఆర్నె పేరు రాగానే టోపీలు తీయడం ఒక్కటే తక్కువ. గోడ మీద ఇత్తడి పలక ఉంది. దాని మీద ఆయన ఆ రోజు అన్న మాట చెక్కించారు: "ఊపిరున్నంత వరకు నా గోల్లో ఇంకొకడు నిలబడడు."

"శనివారం ఆయన ఆట చొక్కా గౌరవంగా రింకు పైకప్పుకి వేలాడదీస్తున్నాం," అన్నాడు విల్ఫ్ నా వైపు తిరిగి. "నువ్వే మాట్లాడాలి ఒరెస్టూ. ఆ రోజు కుట్లేసిన గదిలో ఉన్నోళ్లలో డాక్టరు పోయాడు, కోచ్ మెక్‌ఫీ పోయాడు. ఆ మాట చెవులారా విన్నోడివి నువ్వొక్కడివే మిగిలావు."

"ఆర్నె ఉన్నారుగా," అన్నాను.

"ఉన్నాడు లేరా, ఏం లాభం! పోయిన వారం వెళ్తే నన్ను వాళ్లావిడ అనుకున్నాడు."

"పాపం, మిగిలింది ఒక్క కన్నేగా," అన్నాడు ఆర్మాన్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోకుండా ఉండటం నాకు బాగా అలవాటైంది.

ఆ రోజుల్లో జట్టుకు ఒక్కడే గోల్‌కీపర్. వాడికి దెబ్బ తగిలితే ఆట ఆగేది, కుట్లు వేసేవారు, వాడే తిరిగొచ్చేవాడు. రాలేకపోతే ఎలా? అందుకని ఆతిథ్యమిచ్చే ఊరు అదనపు గోల్‌కీపర్‌గా ఒక స్పేర్‌ని ప్రేక్షకుల్లో కూర్చోబెట్టాలి. రెండు జట్లలో ఎవరికి దెబ్బ తగిలినా వాడే దిగాలి. మా ఊరి స్పేర్‌ని నేను. పందొమ్మిదేళ్లు. ఊరంతా స్పేర్ టైరు అని పిలిచేది. ఉచితంగా సీటు, మధ్యలో ఒక కాఫీ, కాళ్ల దగ్గర ప్యాడ్లూ స్కేట్లూ ఉన్న సంచి. రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆ సంచి విప్పే అవసరం రాలేదు. ప్రతి ఆటకూ ముందు ఈ రోజైనా నన్ను దింపితే బాగుండునని దేవుణ్ణి వేడుకునేవాణ్ణి. ఆ సిగ్గుమాలిన సంగతి కూడా చెప్పాలి కదా.

ఆ ఏడాది ఆఖరి ఆట. ఆర్నెకు ఇరవై తొమ్మిదేళ్లు. పెద్ద లీగు జట్టొకటి రమ్మని ఉత్తరం రాసింది, శీతాకాలం కాగానే వెళ్లాలి. మాస్కు పెట్టుకుంటే పిరికిపంద అనే కాలం. రెండో భాగంలో గడ్డకట్టిన రబ్బరు బిళ్ల ఆయన ఎడమ కంటి కింద తగిలింది. ఆ చప్పుడు ఏడో వరసకు వినిపించింది. పచ్చి కట్టె విరిగినట్టు.

మెక్‌ఫీ నా వైపు చెయ్యి ఊపాడు. సంచి తీసుకుని కిందికి దిగాను. గది తలుపు సగం తెరిచి ఉంది. ఆర్నె బల్ల మీద పడుకున్నాడు. ఆ ముఖం నేను వర్ణించను. చూశాను, అంతే. అటు నుంచి అటే వెనక తలుపు తీసుకుని బయటికి వెళ్లాను. రింకు గీకిన మంచు తెచ్చి పోసే కుప్ప ఉంది అక్కడ. సంచిని అందులో పూడ్చి, చేతులు దులుపుకుని లోపలికి వచ్చాను.

"స్కేట్లు ఇంట్లో మర్చిపోయాను," అన్నాను మెక్‌ఫీతో.

మా ఇల్లు నాలుగు మైళ్లు. మెక్‌ఫీ బూతులు తిట్టాడు. ఆర్నె తల కొంచెం తిప్పి మిగిలిన కంటితో నన్ను చూశాడు. చేతుల మీద మంచు ఇంకా కరుగుతోంది నాకు. అది చూశాడు. తరవాత డాక్టరుతో ఒకే మాట అన్నాడు. "కుట్టండి."

ఆ గదిలో ఆయన అన్నది అదే. ఇంకేమీ అనలేదు.

మూడో భాగంలో ఎడమ వైపు నుంచి వచ్చిన బిళ్ల ఆయనకు కనిపించలేదు. అదే చోట తగిలింది. పడిపోలేదు, చివరి దాకా నిలబడ్డాడు. మేం రెండు ఒకటితో గెలిచాం. వారం తరవాత ఆ కన్ను తీసేశారు. ఆ ఉత్తరం ఏమైందో నాకు తెలియదు.

మర్నాడు గని దగ్గర బట్టలు మార్చుకునే చోట అందరూ నా మీద పడ్డారు. "నువ్వెందుకు దిగలేదురా?" నోట్లోంచి దానంతటదే వచ్చింది: "ఆయనే వద్దన్నాడు. ఊపిరున్నంత వరకు నా గోల్లో ఇంకొకడు నిలబడడు అన్నాడు." పెద్దాయనొకడు కళ్లు తుడుచుకున్నాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మధ్యాహ్నానికి అది ఊరంతా దాటింది. ఇప్పుడు ఇత్తడి మీద ఉంది.

మెక్‌ఫీ నోరు విప్పలేదు. వేరే స్పేర్‌ని పెట్టకపోవడం తన తప్పేనని జంకాడో, ఆ కథ తనకూ బాగుందో. ఆర్నె కూడా విప్పలేదు.

సంచి కోసం మర్నాడు తెల్లారకముందే వెళ్లాను. కుప్ప మీద ఇంకో కుప్ప పోశారు. ఏప్రిల్ దాకా రోజూ వెళ్లి చూసేవాణ్ణి. మంచంతా కరిగాక చూస్తే అక్కడ సంచి లేదు. ఆ వేసవిలో ఆర్నె రింకులో స్కేట్లకు పదును పెట్టే పనిలో చేరాడు. ఒకసారి కిటికీలోంచి చూశాను. ఆయన వెనక గోడకు, మేకుకు వేలాడుతూ నా స్కేట్లు. గోల్‌కీపర్ల స్కేట్లు వేరే రకం, ఊళ్లో రెండే జతలు, ఆయనవీ నావీ. అవి ఆయనవే అనుకున్నారు అందరూ. తుప్పు తీసి, పదును పెట్టి ఉన్నాయి. నా కోసమేనని నాకు తెలుసు. లోపలికి వెళ్లి, చెయ్యి చాపితే చాలు. అంతకంటే ఆయనేమీ అడగలేదు.

వెళ్లలేదు. తేలు కుట్టిన దొంగలా ఇరవై ఆరేళ్లు ఆ కిటికీ ముందు నుంచి నడిచాను. మా అబ్బాయి స్కేట్లకు పదును పెట్టించాల్సి వస్తే మా ఆవిణ్ణి పంపేవాణ్ణి.

శనివారం మైకు ముందు నిలబడి ఆ అబద్ధం మళ్లీ చెప్పలేను. కనీసం ఆయనకైనా ముందు చెప్పాలి, క్షమించకపోయినా సరే, ఆ ఒక్క కంటి ముందు చెప్పాలి. గురువారం మధ్యాహ్నం వృద్ధాశ్రమానికి వెళ్లాను.

ఆర్నె కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. ఒకప్పుడు గోలు నిండిపోయే మనిషి, కుర్చీలో ఒక మూలకు వచ్చేశాడు. కూతురు హెల్వి నన్ను చూసి లేచింది. "రండి ఒరెస్ట్ గారూ. నాన్నా, చూడు ఎవరొచ్చారో! మీరు మాట్లాడుతూ ఉండండి, కాఫీ తెస్తా. యాలకుల రొట్టె కూడా చేశాను."

ఆమె వెళ్లాక కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. తొందరగా చెప్పేశాను, ఆగితే ఆగిపోతానని.

"ఆర్నె గారూ, ఆ రోజు స్కేట్లు మర్చిపోలేదండి. సంచిలోనే ఉన్నాయి. మిమ్మల్ని చూసి భయపడి మంచులో పూడ్చేశాను. మీరు వద్దన్నారని ఊళ్లో చెప్పింది కూడా నేనే. నేను దిగుంటే మీ కన్ను పోయేది కాదు."

ఆయన శ్రద్ధగా విన్నాడు. "స్కేట్లు," అన్నాడు. "ఒక జత ఉండిపోయాయి నా దగ్గర."

"అవి నావేనండి."

నా తెల్లజుట్టు, నా చేతికర్ర చూసి తల అడ్డంగా ఊపాడు. "నీవి కాదులే. అవి ఒక కుర్రాడివి. పదును పెట్టి ఉంచాను. రాలేదు వాడు." కాసేపు కిటికీలోంచి చూశాడు. "ఎవరో ఏంటో. పేరు గుర్తు రావట్లేదు."

"ఒరెస్ట్," అన్నాను. "వాడి పేరు ఒరెస్ట్."

"ఏమో," అన్నాడు. తరవాత ఉన్నట్టుండి నిటారుగా కూర్చున్నాడు. గొంతు కూడా మారింది. "మెక్‌ఫీ ఆ కుర్రాణ్ణి దింపుతానన్నాడు. నేనొప్పుకోలా. ఊపిరున్నంత వరకు నా గోల్లో ఇంకొకడు నిలబడడు అన్నా." పలక మీద ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం పోకుండా.

వెనక కప్పు గలగలలాడింది. హెల్వి గుమ్మంలో ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో అడగక్కర్లేకపోయింది.

"మా అమ్మ చచ్చేదాకా ఆయన్ని తిట్టింది," అంది మెల్లగా. "నీ పంతం నీ కన్నూ తినేసింది, మా బతుకులూ తినేసింది అని. రోజూ. అన్నం ముందు. నేనూ అన్నాను. నా పెళ్లి రోజు కూడా అన్నాను. ఒక్కసారి... ఒక్కసారి కూడా కాదనలేదాయన."

"శనివారం అందరి ముందూ చెప్పేస్తానమ్మా," అన్నాను. నాకు ఏడుపొచ్చింది, డెబ్బైకి దగ్గరపడ్డ ముసలాణ్ణి. "ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను."

"చెప్పి?" ట్రే బల్ల మీద పెట్టింది. "నా పేరు మర్చిపోయాడు. అమ్మ పోయిందని మర్చిపోయాడు. రోజంతా ఆయన నోట వచ్చేది ఆ ఒక్క మాటే. అదీ లాక్కుంటారా? మీరు తేలిగ్గా నిద్రపోవడానికా? నోరు మూసుకుని ఆ మాటే చెప్పండి. చెప్పి కిందికి దిగండి."

కాఫీ మాత్రం పోసింది, ఇంటికొచ్చిన మనిషికి పోయక తప్పదని. కప్పు నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది.

ఆర్నె మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. "ఎవరమ్మా ఈయన?"

హెల్వి నా వైపు చూడలేదు. "అభిమాని, నాన్నా. నీ ఆట చూసినాయన."

"ఓహో!" ఆయన ముఖం వెలిగింది. నా వైపు వంగి చెయ్యి చాపాడు. నలభై ఎనిమిదేళ్ల తరవాత ఆ చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది.

"ఆ ఆట చూశావా? ఎక్కడ కూర్చున్నావు?"

"పెనాల్టీ బాక్సు వెనకండి," అన్నాను. "ఏడో వరస. నడవా పక్క సీటు."

"మంచి సీటే," అన్నాడు ఆర్నె. "అక్కడి నుంచి అంతా కనబడుతుంది."