ఒక తలపాగా ఎక్కువ

గంజి పెట్టిన గులాబీరంగు పట్టుగుడ్డను మోకాలి మీద బిగించి, ఫో చాన్ పదమూడో తలపాగాకు గుండుసూది గుచ్చాడు. మయన్మార్ శాసనసభలో సభ్యుల తలపాగాలు చూసుకోవడం అతని ఉద్యోగం. సభలోకి ఒట్టి తలతో వెళ్లకూడదు మరి! సభలో కూర్చునే సైనికులకు ఆ బాధ లేదు. తలపాగాలూ లేవు, ఎన్నికలూ లేవు. సేనాధిపతి పేర్లు రాసిస్తే చాలు, నాలుగోవంతు కుర్చీలు వాళ్లవే.

ఫో చాన్ వేళ్లు సూదిపోట్లతో గరుకెక్కాయి, నడుము వంగింది. ఇవాళ్టితో కొలువు సరి. ఇవాళే ఆ నాలుగోవంతు రద్దు మీద ఓటింగు కూడా. అది రద్దయితేనే సైనిక శిబిరం కిందికి పోయిన తన ఎకరన్నర పొలం సంగతి అడిగే దిక్కుంటుంది.

"నూటికి డెబ్బై అయిదొచ్చినా చాలదట, దాటాలట!" తలపాగా కోసం వచ్చిన ఊ ఠే అనే బడిపంతులు సభ్యుడి మీద ఫో చాన్ మండిపడ్డాడు. "ఎన్నికైనోళ్లంతా ఓటేసినా సరిగ్గా డెబ్బై అయిదే కద సారూ! ఇంక మీరెందుకు, నా సూదులెందుకు?"

"ఒక్క సైనికుడు ఇటొస్తే చాలు బాబాయ్."

ఆ ఒక్కడి కోసమే అయిదేళ్ల కిందట ఫో చాన్, సభ్యుల తలపాగాలు తగిలించే గోడకు ఒక మేకు ఎక్కువ కొట్టాడు. దానికున్న తలపాగాకూ సోమవారం సోమవారం గంజి పెడతాడు. సైనిక సభ్యుల్లో కెప్టెన్ యాన్ నాయ్‌ది తన ఊరే. నిన్న దాన్ని పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు కూడా. ముసలాయన ఆశపడ్డాడు.

మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. ఎన్నికైనవాళ్లలో ఒక్కరూ తప్పిపోలేదు, సైనికుల్లో ఒక్కరూ కదల్లేదు. ప్రతిపాదన వీగిపోయింది.

కెప్టెన్ వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఆర్డరు బాబాయ్. నన్నేం చెయ్యమంటావ్?"

"మరి దీన్ని సభంటారెందుకురా? కవాతనండి, పీడా పోతుంది! ఓట్లేసేది మేమూ, ఆర్డరేసేది మీ సేనాధిపతా? మీ శిబిరం కింద పోయిన నా పొలంలో మీ అమ్మ నాట్లేసిందిరా, తెలుసా?"

కెప్టెన్ తల దించుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఫో చాన్ సూదుల డబ్బా పంతులుగారి చేతిలో పెట్టి, గొడుగు తీసుకుని ఊరి బస్సెక్కాడు. ఆ ఎక్కువ మేకు సంగతి ఎవరికీ చెప్పలేదు. దానికున్న తలపాగా మాత్రం, మొన్న సోమవారం పెట్టిన గంజికి ఇంకా బిర్రుగానే ఉంది.