ఎలుగుబంటి చెవి దాకా

గుడ్డ కొలవడం ఒక విద్య. మా నాన్న కైలాసం దగ్గర నేర్చుకున్నాను. తానులోంచి గుడ్డ లాగి ఇనుప మీటరు బద్ద మీద పరిచేటప్పుడు బొటనవేలితో నొక్కిపట్టి కొంచెం గుంజాలి. ఎక్కువ గుంజితే కొనడానికొచ్చిన గిరాకి కంట్లో పడుతుంది. తక్కువ గుంజితే గుంజి లాభం లేదు. సరిగ్గా గుంజితే మీటరుకు వేలెడు గుడ్డ మనకు మిగులుతుంది, కొన్నవాడు సంతోషంగానే ఇంటికి పోతాడు. మా ఘాన్సీబజార్ గల్లీలో మిగతా బట్టల దుకాణాల సంగతి నాకు తెలియదు. నా సంగతి చెబుతున్నాను. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, దీన్ని ఎవరైనా దొంగతనమంటే నాకు ఒళ్లు మండేది.

పోయిన ఎండాకాలం మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయాయి. పెళ్లిళ్లు లేకపోతే మాకు దుకాణంలో కూర్చుని ఈగలు తోలుకోవడమే. పిల్లల్ని ఆటల పార్కుకు తీసుకుపోవాలని నా భార్య రచన ఎప్పటినుంచో పోరుతోంది.

"ఇప్పుడు గూడ పోకుంటే ఇంకెప్పుడు పోతం? పోరగాండ్ల పెండ్లిళ్లయినంకనా?" అంది.

మాకు ఇద్దరు. నిఖిలేష్‌కు తొమ్మిదేళ్లు, మనస్వినికి ఆరు. చిన్నదాన్ని మన్ను అంటాం. ఊరవతల ఉన్న ఆ పార్కుకు నిఖిలేష్ అంతకుముందు ఏడాది స్కూలు వాళ్లతో వెళ్లొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో ఒకటే ముచ్చట, నీళ్ల పడవ. గొలుసు పట్టుకుని గుట్ట మీదికి ఎక్కుతుందట, పైన ఒక్క క్షణం ఆగుతుందట, ఆపైన అమాంతం నీళ్లలోకి దూకుతుందట. వాడు చెబుతుంటే మన్ను అన్నం ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయేది.

"నువ్వు ఎక్కలేవ్. గేటు కాడ ఎలుగుబంటి బొమ్మ ఉంటది. దాని చెవి దాటినోళ్లనే ఎక్కనిస్తరు," అన్నాడు వాడు.

ఆ రోజు నుంచి ఆ ఎలుగుబంటి మా ఇంట్లో మనిషైపోయింది. నేను పార్కుకు ఫోన్ చేసి చెవి ఎంత ఎత్తులో ఉంటుందో కనుక్కుని, దుకాణంలో స్తంభం మీద సుద్దతో గీత గీశాను. శుక్రవారం మాకు బంద్. ప్రతి శుక్రవారం మన్ను దుకాణం పైనున్న మా ఇంట్లోంచి కిందికి దిగి, స్తంభానికి వీపు ఆనించి, మెడ సాచి నిలబడేది. "కొలువు డాడీ," అనేది. మడమలు లేపుతుందేమోనని నేను వంగి చూసేవాణ్ణి. ఎన్నడూ లేపలేదు. ఉగాదికి గీత దాటింది. ఎదురింటి రుక్మాబాయికి, తానులు దించే హమాలీలకు, కొరియర్ వాడికి, ఆఖరికి గిరాకీలకు కూడా చెప్పుకుంది.

ముందు రోజు సాయంత్రమే వెళ్లి పార్కు పక్కన రూములో దిగాం. మన్నుకు రచన కొత్త పట్టులంగా కుట్టించింది, చీలమండల దాకా దిగేది. నీళ్లలో ఆడే చోటికి పట్టులంగా ఏమిటని నేను నవ్వితే, పడవ ఎక్కేది మొదటిసారి కదా, ఫోటో మంచిగ రావాలి అన్నారు తల్లీబిడ్డలు.

పొద్దున్నే గేటు దగ్గర లైను కట్టాం. నిజంగానే అక్కడ నిలువెత్తు బోర్డు మీద ఎలుగుబంటి ఉంది. చెవి కింద ఉన్న పిల్లలకు టికెట్ అక్కర్లేదు, చేతికి పసుపుపచ్చ పట్టీ. చెవి దాటితే టికెట్, నీలం పట్టీ. కొలిచేది ఒక అమ్మాయి. ఇరవై ఏళ్లుంటాయేమో. చొక్కా మీద వీణ అని పేరు రాసి ఉంది.

నేను డబ్బుకు వెనకాడలేదు. ముందు రోజు రూముకు అడిగినంత ఇచ్చాను, బేరం కూడా ఆడలేదు. కానీ ఎవరైనా ఏదైనా కొలుస్తున్నారంటే నా చేతులు ఊరుకోవు, వాటి పని అవి చేసుకుపోతాయి. పడవ దగ్గర పిల్లను చూసి పంపుతారులే అనుకున్నాను. మన్ను బోర్డు దగ్గరికి వెళ్లబోతుంటే వంగి చెవిలో చెప్పాను.

"మన్నూ, జర మోకాళ్లు వంచు."

"ఎందుకు డాడీ?"

"ఊకెనే. ఆట. ఎవరికీ చెప్పకు."

నా మొహంలోకి ఒకసారి చూసింది. ఏడాది పొడుగునా మెడ సాచి నిలబడిన పిల్ల, నేను చెప్పానని వంగింది. లంగా కింద మోకాళ్లు ఎవరికీ కనబడలేదు. వీణ దాని తల మీద అరచెయ్యి పెట్టి, "కింద్నే ఉంది సార్, పాపకు టికెట్ అవసరం లేదు," అంది. పసుపుపచ్చ పట్టీ కట్టి, "మస్తుంది చెల్లె నీ లంగా," అని బుగ్గ పట్టుకుంది.

రచన నా వెనకే ఉంది. "ఇజ్జత్ లేదా మీకు?" అంది పళ్లు బిగబట్టి. నేను కన్ను గీటాను. నిజం చెప్పొద్దూ, నాకు భలే హుషారుగా ఉంది.

ఆ హుషారు మధ్యాహ్నం దాకా ఉంది. చెక్కగుర్రాలు ఎక్కాం, చిన్న రైలు ఎక్కాం, ఐస్‌క్రీములు తిన్నాం. మన్ను మాత్రం ప్రతి అయిదు నిమిషాలకూ "ఇగ పడవ?" అని అడుగుతూనే ఉంది. చివరికి పడవ దగ్గరికి వెళ్లాం. అక్కడ ఒక పెద్దాయన అందరి చేతులకున్న పట్టీలు చూసి లోపలికి పంపుతున్నాడు. నిఖిలేష్‌ను పంపాడు. రచనను పంపాడు. మన్ను చెయ్యి పట్టుకుని చూసి ఆపాడు.

"పసుపుపచ్చది రాదు సార్."

"ఏందన్నా, పిల్లను చూడు. చెవి దాటింది."

"నేను పిల్లను చూడ సార్, పట్టీ చూస్త. గేటు కాడ మార్పించుకొని రాండ్రి, పంపుత."

నిఖిలేష్ కడ్డీల అవతల నుంచి అరిచాడు. "చెల్లె దాటింది కద డాడీ! స్తంభం మీద నువ్వే గీసినవ్!"

"నోర్ముయ్," అన్నాను. వాడేం తప్పన్నాడని? మన్ను తన చేతి పట్టీని చూసుకుంది, నా వైపు చూసింది. నువ్వే వంగమన్నావు కదా అని గట్టిగా ఏడ్చినా బాగుండేది. నేను చెప్పొద్దన్నాను కాబట్టి చెప్పలేదు.

రచన వెనక్కి వచ్చి, "పోయి టికెట్ తీసుకోండ్రి. తప్పయింది అనుండ్రి, అయిపాయె," అంది. అంతే. అంత చిన్న మాట. మన్నును తీసుకుని గేటు దాకా ఎండలో నడుస్తూ ఆ మాట నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాను. కానీ అక్కడికి చేరేసరికి లైను పెద్దదైంది. అందులో మా వైపు వాళ్లెవరైనా ఉంటే? బంగారు ఉంగరాలు పెట్టుకుని, బిడ్డను వంగబెట్టి టికెట్ ఎగ్గొట్టిన మనిషినని పదిమందిలో ఎలా ఒప్పుకోను? నాకు సిగ్గేస్తే కోపం వస్తుంది. చిన్నప్పటినుంచీ అంతే.

"ఏందమ్మా నీ కొలుసుడు?" అన్నాను వీణతో. "కండ్లు కనిపిస్తలేవా? నా బిడ్డ చెవి దాటి నెలలైతంది. పసుపుపచ్చ పట్టీ ఎట్ల కడ్తవ్?"

ఆ అమ్మాయి బిత్తరపోయింది. "పొద్దుగాల నేనే కొలిచిన సార్. కింద్నే ఉండె."

"అంటే నేను అబద్ధమాడుతున్ననా?"

నా గొంతు దుకాణంలో పెరిగిన గొంతు, గల్లీ చివరి దాకా వినబడుతుంది. లైనులో అందరూ చూస్తున్నారు. లోపల్నుంచి వాళ్ల సూపర్‌వైజర్ వచ్చాడు.

"ఏంది వీణా, మళ్ల లొల్లి? ఇంకోసారి కొలువు," అన్నాడు విసుగ్గా.

మన్నును బోర్డుకు ఆనించి నిలబెట్టారు. ఇంక గొడవ తీరిపోయిందనుకున్నాను. మన్ను నన్ను చూసింది, సూపర్‌వైజర్‌ను చూసింది, మళ్లీ నన్ను చూసింది. అప్పుడు, ఎవరూ చెప్పకుండానే, మోకాళ్లు వంచింది. పొద్దుటికంటే ఎక్కువ వంచింది. నిటారుగా నిలబడితే వాళ్ల నాన్న పొద్దున చేసింది బయటపడుతుందని దానికి అర్థమైంది. ఆరేళ్ల పిల్ల నన్ను కాపాడటానికి చూస్తోంది. ఎలుగుబంటి చెవి దాని తలకు జానెడు పైన ఉంది.

నేను అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు. దాని చంకల్లో చేతులు వేసి పైకి గుంజాను.

"సక్కగ నిలబడు! అందరు అరిస్తే పిల్ల భయపడదా?"

అరిచింది నేనే. తల చెవి దాటి రెండు వేళ్లు పైకి వచ్చింది. సూపర్‌వైజర్ వీణ వైపు తిరిగాడు.

"దాటింది కదా! గిట్లనా కొలుసుడు? సార్‌కు సారీ చెప్పు."

"సార్, పొద్దున పాప..." అని మొదలుపెట్టింది వీణ. లంగా కింద వంగిన మోకాళ్లు ఈసారి ఆమె చూసింది, నాకు బాగా తెలుసు. మన్ను మొహం చూసి ఆగిపోయింది. నన్ను అనాల్సిన మాట, పిల్ల ముందు అనకుండా మింగేసింది. "సారీ సార్," అంది. నేను టికెట్ కొన్నాను. నీలం పట్టీ ఆమే కట్టింది. ఈసారి బుగ్గ పట్టుకోలేదు.

పడవ దగ్గరికి తిరిగి వచ్చాం. పెద్దాయన పట్టీ చూసి, "పో బిడ్డా," అని దారి ఇచ్చాడు. మన్ను కదల్లేదు.

"నేను పోను."

"అరే! ఏడాది సంది అడిగినవ్ గద?"

"భయమైతంది."

దానికి భయం లేదు. అది అబద్ధమాడుతోందని నాకు తెలుసు, నాకు తెలుసని దానికీ తెలుసు. రచన బతిమాలింది, నిఖిలేష్ చెయ్యి పట్టుకుని లాగాడు. రాలేదు. చివరికి వాళ్లిద్దరే వెళ్లారు. మేమిద్దరం కడ్డీల పక్కన బల్ల మీద కూర్చున్నాం. పడవ గుట్ట ఎక్కింది, పైన ఆగింది, కిందికి దూకింది. నీళ్లు ఎగిరి మా మీద పడ్డాయి. మన్ను లంగా అంచుతో మొహం తుడుచుకుంది.

"గా అక్క ఏడ్చింది డాడీ," అంది.

నేను చూడలేదు. "లేదు బిడ్డా, ఎండకు కండ్లట్ల అయితయ్," అన్నాను.

వారం తర్వాత ఒకరోజు మధ్యాహ్నం రచన పైనుంచి పిలిచింది. మన్ను పాలు తాగడం లేదట. రోజూ ఎవరూ చూడకుండా గ్లాసు తీసుకెళ్లి బాత్రూంలో పారబోస్తోందట. అడిగితే చెప్పడం లేదట. నేను గ్లాసు పట్టుకుని దాని పక్కన కూర్చున్నాను.

"ఎందుకు తాగుతలేవ్?"

గ్లాసును పక్కకు నెట్టింది. తర్వాత చిన్నగా, "తాగితే పొడుగైత," అంది.

"మంచిదే గద?"

"పొడుగైతే నువ్వు మళ్ల అబద్ధం చెప్పాలె. అందరు నిన్ను చూస్తరు."

ఇరవై ఏళ్లలో నా మీటరు బద్ద మోసాన్ని ఎవరూ ఇలా పట్టుకోలేదు. "తప్పు నాది బిడ్డా. నీది కాదు, ఆ అక్కది గూడ కాదు. నేనే తప్పు జేసిన," అన్నాను. ఆ మాట జీవితంలో ఎవరితోనైనా అనడం అదే మొదలు.

మన్ను శ్రద్ధగా విన్నది. "గా అక్కకు చెప్పినవా?"

"లేదు."

"చెప్పు. చెప్పినంక తాగుత."

కిందికి దిగి పార్కుకు ఫోన్ చేశాను. గేటు దగ్గర కొలిచే వీణ కావాలన్నాను. ఎవరో లైన్లోకి వచ్చి, "ఆ అమ్మాయి ఇప్పుడు వస్తలేదు సార్," అన్నారు. ఎందుకని అడిగాను. తెలియదన్నారు. మా గొడవ వల్లనా అని అడగడానికి నోరు రాలేదు. నంబరు అడిగితే ఇవ్వలేమన్నారు. ఇల్లు ఎక్కడంటే, ఫలక్‌నుమా వైపు నుంచి రోజూ బస్సులో వచ్చేదని మాత్రం చెప్పారు. ఫలక్‌నుమా మాకెంత దూరం? బండి మీద పావుగంట. నాలుగు రోజులు తిరిగితే, పది మందిని అడిగితే దొరుకుతుంది. దొరికితే ఏం చెప్పాలో కూడా నాకు తెలుసు. ఫోన్ పెట్టేసి అలాగే కూర్చున్నాను.

మెట్ల మీద నుంచి మన్ను తొంగి చూసింది.

"చెప్పినవా డాడీ?"

లేదు అనొచ్చు. రేపు ఇద్దరం కలిసి వెతుకుదాం పద అనొచ్చు. ఆ మాటలు నాలుక దాకా వచ్చాయి కూడా.

"చెప్పిన బిడ్డా," అన్నాను.

"ఏమన్నది?"

"ఏం ఫికర్ లేదన్నది. నిన్ను మస్తు పాలు తాగమన్నది."

మన్ను మొహం విప్పారింది. పైకి పరుగెత్తింది. కాసేపటికి ఖాళీ గ్లాసు పట్టుకుని, మూతి మీద పాలతోనే మళ్లీ కిందికి వచ్చి, గ్లాసు బోర్లించి చూపించింది. నేను చెప్పాను కాబట్టి నమ్మింది. నేను లేచి, తానులు సర్దుతున్నట్టు అటు తిరిగి ఏడ్చాను. ఫలక్‌నుమాకు ఈ రోజుకూ పోలేదు.