మడ్డి సీసా

నూనె మిల్లాయన నడక తూలడం మొదలయ్యేసరికి వీధి వీధంతా ఒకే మాట అనుకుంది: ముసలాయన తాగుతున్నాడు. ఆయన జన్మలో చుక్క ముట్టలేదు. ఆ సంగతి చెప్పబోతే మాట ముద్దముద్దగా వచ్చి, మిగిలిన కాస్త అనుమానం కూడా తీరిపోయింది.

భార్యకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఆవిడకు మనుషులు వెళ్ళిపోవడమంటే భయం. పక్క వీధికి వెళ్ళేవాళ్ళకు కూడా జాగ్రత్తలు చెప్పి పంపే మనిషి.

"నువ్వు ఇద్దరుగా కనపడుతున్నావే," అన్నాడాయన. కనుపాపలు అటూ ఇటూ గంతులేస్తున్నాయి.

"ఒక్కదానితోనే వేగలేనంటారుగా. ముందు మందు తాగండి."

ఆయనకు మూర్ఛ జబ్బు. మాత్ర గొంతు దిగదు కనుక డాక్టరమ్మ సిరప్ రాసింది. తాగే ముందు సీసా బాగా కుదపమని దాని మీద అచ్చు వేసే ఉంది. కానీ ఆ ఇంట్లో సీసా కుదపడమంటే పాపం చేసినట్టే. పెళ్ళయిన నాటి నుంచీ మిల్లు నడిపినవాళ్ళు. నూనెను కదలకుండా తేరనిచ్చి, పైది మెల్లగా వంచుకుని, అడుగు మడ్డిని ఇంకో డబ్బాలో పోసి, అది తేరాక మళ్ళీ వంచుకోవడం వాళ్ళ చేతులకు పట్టిన పని. సిరప్పునూ ఆవిడ అలాగే వంచింది. అడుగున చిక్కగా మిగిలినది పారెయ్యడానికి మనసొప్పక, ప్రతి సీసాదీ ఒక పాత సీసాలోకి చేర్చింది.

ఈలోగా ఆయనకు ఫిట్స్ వచ్చాయి. డాక్టరమ్మ మోతాదు పెంచింది. పెంచడంతో కొత్త సీసా తొందరగా అయిపోయింది, షాపులో సరుకు లేదు. ఆవిడ తన ముందుచూపుకు తానే మురిసిపోయి, దాచిన సీసా తీసింది. ఆ తర్వాతే ఆయన తూలడం.

కబురు విని ఆడపడుచు సంచీతో దిగింది.

"అన్నయ్యని నాతో తీసుకెళ్తా వదినా. నీ చేతిలో సగమైపోయాడు."

"ముందు ఆస్పత్రికి పదమ్మా, తర్వాత కొట్లాడుకుందాం."

డాక్టరమ్మ ఆయన్ని వేలితో ముక్కు ముట్టుకోమంది. ఆయన డాక్టరమ్మ కళ్ళజోడు ముట్టుకున్నాడు. రక్తం పరీక్ష చేయించింది.

"ఒంట్లో మందు విషమయ్యేంత ఉంది. ఎంత పోస్తున్నారమ్మా?"

"మీరు చెప్పినంతే." ఆవిడ సీసా తీసి బల్ల మీద పెట్టింది.

డాక్టరమ్మ దాన్ని వంచింది. లోపలిది కదలడానికి చాలాసేపు ఆలోచించింది.

"ఏంటిది?"

"మడ్డి. అన్ని సీసాలదీ. చుక్క పోనివ్వలేదు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "మందంతా అడుక్కి దిగుతుందమ్మా, అందుకే కుదపమనేది. ఇన్నాళ్ళూ పైనున్న పలచటి నీళ్ళు పోశారు, ఫిట్స్ వచ్చాయి. ఇప్పుడు అసలు మందంతా ఒకేసారి పోస్తున్నారు."

"బతుకుతారా?"

"బతుకుతారు. ఇక్కడ ఉంచి చూసుకుంటాం, మందు దిగిపోతుంది. మీ అంతట మీరు మాత్రం ఎప్పుడూ ఆపెయ్యకండి, అదీ ప్రమాదమే."

"విన్నావా అన్నయ్యా?" అంది ఆడపడుచు. "విషం పోసింది. పంపించగానే మా ఇంటికే."

ఆయన మాట తేటపడి, డాక్టరమ్మ ఇంటికి వెళ్ళమన్న రోజున, భార్యే ఆయన చొక్కాలు మడతపెట్టి ఆడపడుచు సంచీలో సర్దింది. వేడినీళ్ళు ఎంత వేడి ఉండాలో చెప్పింది. ఏ పక్కకు తిరిగి పడుకుంటాడో చెప్పింది.

మంచం మీద నుంచి ఆయన చెల్లెలిని అడిగాడు. "అక్కడ మందు ఎవరు పోస్తారే?"

"నేనే, ఇంకెవరు?"

"వద్దులే. మీ వదిన చేసే తప్పేంటో ఇప్పుడు డాక్టరమ్మకి కూడా తెలుసు. నువ్వేం చేస్తావో ఎవరికీ తెలీదు."

ఆడపడుచు సంచీ తెరిచి చొక్కాలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పడేసింది. ఆఖరిదాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

"దీనికి గుండీ లేదు వదినా."

"కుడతాను," అందావిడ, చెయ్యి చాపి.