సరి అన్న తరవాతి బేరం

ఆదివారం పొద్దున కెంచమ్మ వాళ్ళ వాకిట్లో కూర్చున్నప్పుడు నా చేతిలో ఉన్నది ఇంతే: షార్జాలో పళ్ళరసాల ఫ్యాక్టరీ వాళ్ళు తనుజకు ఇస్తామన్న జీతం, నెలకు రెండువేల ఆరువందల దిర్హామ్‌లు. దాని మీద కెంచమ్మ పెట్టిన షరతు. ఏ మాటైనా శుక్రవారంలోపు చెప్పాలన్న గడువు. గొర్రెల బేరంలో ఇంతకంటే తక్కువ సరుకుతో దిగిన రోజులున్నాయి గాని, ఇంతగా చెడగొట్టిన సరుకుతో ఎప్పుడూ దిగలేదు.

కెంచమ్మ నా చెల్లెలు. తనుజ దాని కూతురు. చెట్టికరై కాలేజీలో ఇంజనీరింగు చదివి, మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో సరుకు పరీక్ష చేసే పనిలో చేరింది. కాయ వచ్చినంత కాలమే జీతం. కాయ అయిపోతే మళ్ళీ పిలిచేదాకా ఇంట్లో కూర్చోవాలి. షార్జాలో ఏడాది పొడుగునా పని ఉంటుందని దాని మనసంతా అటే ఉంది. కెంచమ్మ మాత్రం ఒకే మాట మీద నిలబడింది.

"ఖర్చులన్నీ పోయి నెలకు ముప్పై వేలు చేతిలో నిలిస్తేనే పంపుతాను. లేకుంటే ఇక్కడే ఉండనీ. అంత దూరం పోయి పొట్ట మాత్రం నింపుకొని వచ్చేదానికి ఏముంది అన్నా?"

తప్పు మాటేమీ కాదు. నేను తనుజ వైపు తిరిగాను.

"జీతం నువ్వు అడిగినావా, వాళ్ళే చెప్పినారా?"

"వాళ్ళే మామా. ఎక్స్‌పెక్టెడ్ ఎంత అని అడిగినారు. మీరే చెప్పండి మేడమ్ అన్నాను."

"ఇక్కడ ఎంత వస్తా ఉందో అడిగినారా?"

"అడిగినారు. పదహారు వేలు అని చెప్పినాను."

"ఉన్నది ఉన్నట్టా?"

"అబద్ధం ఎట్లా చెప్పేది మామా?"

కొన్న ధర ఎంత అని అడిగితే కొన్న ధరే చెప్పే వ్యాపారిని నేను ఇంతవరకూ చూడలేదు. చూసి ఉంటే ఏటేటా వాడి దగ్గరే కొనేవాణ్ణి.

"రెండువేల ఆరునూర్లు అన్నప్పుడు నువ్వేమన్నావు?"

"సరి మేడమ్ అన్నాను."

నేను భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాను.

మా సంతలో గొర్రె ధర నోటితో చెప్పం. తువ్వాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని చెప్పుకుంటాం. పక్కన నిలబడ్డవాడికి కూడా ధర తెలియదు. ఎంతసేపైనా వేళ్ళు లాగొచ్చు, చేయి విదిలించి పోవచ్చు, మళ్ళీ రావచ్చు. కాని ఒకసారి సరి అంటే ధర అక్కడితో ముగిసినట్టే. ఆ తరవాత మళ్ళీ ధర ఎత్తినవాడి చేయి ఆ సంతలో ఇంకెవరూ పట్టరు.

"ఇంకా సంతకం పెట్టలేదు కదన్నా," అంది కెంచమ్మ. "మళ్ళీ అడిగితే ఏమి?"

"సరి అన్నాక అడిగేది లేదు."

"అది గొర్రెలకు."

"గొర్రెకొక మాట, కంపెనీకొక మాట ఉంటాదా?"

"మామా, అందరూ అడుగుతారు. యూట్యూబ్‌లో కూడా నెగోషియేట్ చేయమనే చెప్తారు," అంది తనుజ.

"ఆ యూట్యూబ్ వాణ్ణి సంతకు రమ్మను. వాడి చేయి ఎవరు పడతారో చూస్తాను."

ధర సంగతి పక్కన పెట్టి ఖర్చుల సంగతి చూద్దామని తిరుమలేశ్‌కు ఫోన్ చేశాను. మా ఊరివాడే, షార్జాలో వెల్డింగు పని చేస్తాడు.

"గది బాడుగ ఎంత తిరుమలేశా?"

"గది బాగుంటాది మామా. ఏసీ ఉంది."

"బాడుగ?"

"నాకు బాడుగ లేదు. కంపెనీ రూమ్."

"కంపెనీ ఇయ్యకుంటే?"

"ఎందుకు ఇయ్యరు మామా? ఇస్తారు."

"ఇయ్యకుంటేరా?"

"ఇయ్యకుంటే కష్టమే మామా."

"తిండికి ఎంతవుతాది?"

"తిండికి తక్కువేమీ లేదు. మెస్సులో మన తమిళనాడు వాళ్ళే వండేది."

ఎంత అని అడిగితే ఎట్లా ఉంటుందో చెప్పేవాడితో బేరమాడటం కంటే తప్పిపోయిన మేకను వెతకటం సులువు. చివరికి వాడు పక్క మంచం మీది మనిషిని అడిగి చెప్పాడు. ఆడపిల్లలుండే చోట ఒక మంచానికి ఎనిమిదివందలు, తిండికి ఆరువందలు, పనికి పోయిరావడానికి మూడువందలు, ఫోనూ సబ్బూ కలిపి వంద. అన్నీ దిర్హామ్‌లే. పోగా మిగిలేది ఎనిమిదివందలు. దిర్హామ్‌కు ఇరవైమూడు రూపాయలు వేసుకున్నా పద్దెనిమిది వేలు దాటి నాలుగువందలు.

"పద్దెనిమిది వేలకు షార్జాకా?" అని కెంచమ్మ చాట తీసుకుని లోపలికి పోయింది.

తనుజ కదల్లేదు. "కాయ అయిపోయినాక నేను ఇంట్లో ఏమి చేసేది మామా? చదివింది చాలు, మేకలు తోలుకుపో అంటావా?"

"మేకలు తోలితే తప్పా?" అన్నాను. అన్నాను గాని, అది తల వంచుకుని పోయిన తీరు చూశాక ఇంటికి పోయినా నాకు ఆ లెక్కే మెదిలింది.

సేలం వ్యాపారికి గొర్రెలు అమ్మితే ధర తెగాక కూడా మాకు అరగంట మాటలుంటాయి. వ్యాను బాడుగ ఎవరిది, దారిలో టోలు ఎవరిది, రాత్రి మేత ఎవరిది. తొప్పూరు ఘాటు రోడ్డు దిగేలోపల గొర్రెలు తగ్గే బరువు ఎవరి లెక్కలో పడాలి. ఇవి ధర కావు. సరి అన్నాక కూడా వీటి మీద ఎంతైనా కొట్లాడవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. మాట తప్పకుండానే తనుజకు దారి దొరికింది.

గురువారం సాయంత్రం వీడియో కాల్. అవతల మోహనప్రియ అని కంపెనీ మేనేజరు, జీతం చెప్పిన మేడమే. సేలం మనిషి, అందుకని మాటలన్నీ తమిళంలోనే. నేను కెమెరాకు కనబడకుండా తనుజ పక్కన స్టూలు వేసుకుని, దాని చేయి నా చేతిలో పెట్టుకుని పైన తువ్వాలు కప్పాను.

"నేను నొక్కితే నోరు మూసుకో. అంతే నీ పని," అని ముందే చెప్పాను.

"మేడమ్, జీతం సరి అన్నాను, అది మార్చను. ఉండేదానికి గది మీరిస్తారా?" అని అడిగింది తనుజ.

"మీ గ్రేడ్‌కు రూమ్ లేదమ్మా."

పరవాలేదు మేడమ్ అనడానికి తనుజ నోరు తెరిచింది. నొక్కాను. మూసుకుంది. అటు కూడా మాట లేదు.

"తనుజా? లైన్‌లో ఉన్నారా?"

"ఉన్నాను మేడమ్."

మళ్ళీ నొక్కాను. అటు ఏవో కాగితాలు తిరగేసిన చప్పుడు. "అమ్మాయిల క్వార్టర్స్‌లో ఒక మంచం ఖాళీ అవుతుంది. అది మీకు రాస్తాను. అక్కడి నుంచి కంపెనీ బస్సు కూడా ఉంది."

తిండి అడిగించాను. లేదన్నారు. ఏడాదికొకసారి విమానం టికెట్టు అడిగించాను. రెండేళ్ళకొకసారే అన్నారు. నొక్కి పట్టుకున్నాను. ఈసారి మేడమ్ నవ్వింది.

"మీ పక్కన ఎవరున్నారమ్మా?"

అబద్ధం చెప్పడం రాని పిల్ల కదా. "మా మామ, మేడమ్. గొర్రెల వ్యాపారం."

"వణక్కం అయ్యా. టికెట్టు నా చేతిలో లేదు. పరుపూ దుప్పటీ మేమే ఇస్తాం, అవి మోసుకురావద్దని చెప్పండి."

కొసరు దొరికింది కాబట్టి చేయి వదిలాను. ఇదంతా కాగితం మీద రాసి పంపమని తనుజ అడిగింది. పంపుతానంది మేడమ్. అంతటితో ఫోన్ పెట్టేసి ఉంటే ఎంత బాగుండేది.

"ఇంత గట్టిగా అడిగేవాళ్ళు జీతం ఎందుకు అడగలేదు? మూడువేల దాకా ఇవ్వడానికి నాకు వీలుండేది. మీరు మళ్ళీ అడుగుతారనే చూశాను," అంది.

తనుజ తువ్వాలు కింద నుంచి చేయి లాక్కుంది. "ఇప్పుడు అడిగితే మేడమ్?"

"ఇప్పుడు రూమ్ ఇచ్చేశాను కదమ్మా."

వాకిలి పట్టుకుని నిలబడ్డ కెంచమ్మ అంతా విన్నది. "నెలకు నాలుగునూర్లు పోగొట్టినావు కదన్నా. అడగమని ఆ రోజే చెప్పలేదా?"

"ఆ నాలుగునూర్లు వచ్చి గది రాకుంటే నీ ముప్పై వేలు నిలిచేది కాదు మే కెంచమ్మా. లెక్క వేసుకో."

"రెండూ వచ్చేవేమో."

"రెండూ ఎవరిస్తారు?"

"అడిగితే కదా తెలిసేది."

దీనికి జవాబు చెప్పగలిగినవాడు ఎవరైనా ఉంటే వాడి చేయి నేను పడతాను. తనుజ మధ్యలోకి వచ్చింది. "వచ్చే ఏడు జీతం పెంచేటప్పుడు నేనే అడుగుతాను మామా. నువ్వు తువ్వాలు ఇంట్లోనే పెట్టుకో." అప్పటికే పెట్టె దించి దుమ్ము దులుపుతోంది.

చివరికి నిలిచిన లెక్క ఇది. తిండీ, ఫోనూ సబ్బూ పోగా నెలకు పంతొమ్మిదివందల దిర్హామ్‌లు, అంటే నలభైమూడు వేల ఏడువందల రూపాయలు తనుజ చేతికి. ఒక మంచం, ఒక పరుపు, ఒక దుప్పటి, ఒక బస్సు. కెంచమ్మ లెక్కలో నెలనెలా నాలుగువందల దిర్హామ్‌ల నష్టం, అదంతా నా పేరు మీద. నా కమీషను ఒక లోటా మజ్జిగ. ఆ రోజు అందులో కెంచమ్మ ఉప్పు కూడా వేయలేదు.