రెండో ఇస్త్రీ పెట్టె

పెద్దకోడలు పొద్దున్న ఎనిమిదింటికల్లా ఇస్త్రీ కొట్టు షట్టరు ఎత్తేది. బల్ల మీది దుప్పటి దులిపి, సీసాలో నీళ్ళు పట్టి, మూటలు విప్పి ఎవరి బట్టలు వాళ్ళవిగా వేరుచేసేది. అప్పుడు ఇస్త్రీ పెట్టె పిడి పట్టుకుని, రోడ్డుకి అవతలున్న కర్టెన్ల కొట్టు వైపు చూసేది. అది ఆమె తోడికోడలిది. చూస్తుండగానే కడుపులో మంట మొదలై, భుజం మీదుగా చేతిలోకి దిగి, పెట్టె అడుగు కాలేది. ఓ చుక్క నీళ్ళు చిలకరిస్తే చుయ్‌మనేది. మొదటి చొక్కా అందుకునేది.

వీధిలో దీన్నెవరూ వింతగా చూడలేదు. కొందరికి ఎండకి తలనొప్పి వస్తుంది, కొందరికి దుమ్ముకి తుమ్ములొస్తాయి, ఈవిడకి ఈర్ష్యకి పెట్టె కాలుతుంది. అంతే. బట్టలిచ్చే వాళ్ళకి కొలతలు కూడా తెలుసు. పట్టుబట్టకి చిన్నకోడలి చెవి జూకాలు తలుచుకుంటే చాలు. నూలు చొక్కాకి ఆమె కొన్న కారు కావాలి. జీన్సు ప్యాంటు లాంటి మొండి బట్ట వస్తే మాత్రం, బ్యాంకు మేనేజరు ఆవిడ్ని చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డ రోజు గుర్తుచేసుకోవాల్సిందే. ఎంత కుళ్ళుబోతయినా రోజంతా కుళ్ళుకోలేదు కదా, మంట మందగించినప్పుడు పెట్టెకి ప్లగ్గు పెట్టుకునేది.

పక్కనే స్టూలు మీద ఆమె మొగుడు. లారీ నడిపీ నడిపీ మోకాళ్ళు అరిగి ఇంటిపట్టునే ఉన్నాడు. ఖాళీగా కూర్చోలేక, వచ్చిన చొక్కాలకి ఊడిన గుండీలు కుట్టేవాడు. దానికి పైసా తీసుకునేవాడు కాదు. కుడుతూ ఒకటే పాట, అదీ శ్రుతి లేకుండా, పాడేవాడు.

"కాస్త నోరు మూస్తారా? మంట ఆరిపోతోంది," అనేది పెద్దకోడలు.

అలా నడుస్తుండగా బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. ఖాతాలో డబ్బు లేకపోయినా రెండు లక్షల దాకా వాడుకునే ఓవర్‌డ్రాఫ్ట్ ఆ కొట్టుకి ఉండేది. వీధిలో అందరూ దాన్ని ఓడీ అంటారు. ఇకమీదట దాని హద్దు లక్షేనట. నెలాఖరు శనివారం ఒంటిగంటలోగా బాకీ లక్షకి దిగకపోతే ఓడీ మొత్తం ఎత్తేస్తారట. ఎత్తేస్తే అద్దె చెక్కు తిరిగొస్తుంది. తిరిగొస్తే కొట్టు ఖాళీ చెయ్యమనడానికి యజమాని కాచుకుని కూర్చున్నాడు. వాడింది చూస్తే లక్షా నలభై వేలు.

పెద్దకోడలు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. అంతలో పాలవాడు ఇంకో కబురు మోసుకొచ్చాడు. "మీ తోడికోడలు నిన్న బ్యాంకులోంచి నవ్వుకుంటూ వచ్చిందమ్మా. ఆవిడకి ఐదు లక్షలకి పెంచారట!"

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపని ఊరికే అనలేదు. లక్ష తగ్గించారన్న బాధ ఏ మూలకి పోయిందో, ఆ రోజు ఆవిడ ఆపకుండా డెబ్భై జతలు ఇస్త్రీ చేసింది. పెట్టె కణకణలాడింది. ఆ ఊపులోనే నెలనెలా కరెంటు బిల్లు దండగనిపించి, ఆఫీసుకి వెళ్ళి కొట్టు కనెక్షను పీకించుకుని వచ్చింది.

"కడుపుమంటని నమ్ముకుని కరెంటు తీయించుకుంటారుటే ఎవరైనా?" అన్నాడు మొగుడు.

"మీకు నా సంగతి తెలీదు. దాన్ని చూసి నేను కుళ్ళుకోని రోజంటూ ఉండదు."

నెలంతా అలాగే గడిచింది. బట్టలిచ్చే వాళ్ళు కూడా తలా ఓ చెయ్యి వేశారు. బట్టల మూటతో పాటు, చిన్నకోడలు కొత్త చెప్పులు వేసుకుందనో, గాజుతలుపు తుడిపించిందనో ఓ కబురు తెచ్చి పడేసేవారు. కరెంటు బిల్లు మిగిలింది, కూలి ఎక్కువొచ్చింది, బాకీలో పన్నెండు వేలు దిగాయి. మిగిలిన ఇరవై ఎనిమిదికి కొత్తగా పెట్టిన ఆసుపత్రి వాళ్ళు దారి చూపించారు. మూడు వందల తెల్లకోట్లు, శనివారం పన్నెండున్నరకి వ్యాను వస్తుంది, లెక్కచూసుకుని అక్కడికక్కడే డబ్బు వేస్తారు.

ఆ శనివారం పదింటికి ఇంకా అరవై కోట్లు మిగిలాయి. పెద్దకోడలు మేనేజరు లేచి నిలబడడాన్ని తలుచుకుంటూ గంజి కాలర్లు నొక్కుతోంది. అంతలో గాజుతలుపు తీసుకుని చిన్నకోడలు రోడ్డు దాటింది. చేతిలో కర్టెన్ల కట్ట ఉంది.

"అక్కా, ఇవి ఓ మూల పెట్టుకోనిస్తావా? కొట్టు ఖాళీ చేస్తున్నా."

"అదేంటే! నీకు ఐదు లక్షలకి పెంచారుగా?"

"ఎవరన్నారు? సున్నా చేశారు. ఒకేసారి కట్టేయమన్నారు. బయట జనం చూస్తున్నారని నవ్వుతూ వచ్చాను గానీ..." అని ఆగింది. "కారు కూడా అమ్మేశాను. షెడ్డులో ఉందని చెప్పానే, అబద్ధం."

పెద్దకోడలికి ముందు లోపలెక్కడో చిన్న సంతోషం తొంగిచూసింది. ఇంతలో ఆమె కళ్ళు చిన్నకోడలి చెవుల మీద పడ్డాయి. జూకాలు లేవు. కన్నాలు పూడకుండా చీపురుపుల్ల ముక్కలు పెట్టుకుని ఉంది. ఆ పుల్లలు చూశాక సంతోషం నిలవలేదు. జాలి వచ్చింది, ఆ వెంటే సిగ్గు వచ్చింది. చేతి కింద పెట్టె చల్లబడిపోయింది.

నీళ్ళు చిలకరించింది. చుక్క అలాగే నిలబడింది.

గబగబా మేనేజరు ఏసీ గదిని తలుచుకుంది, మూడంతస్తుల మేడ కట్టిన పాలవాణ్ణి తలుచుకుంది. పెట్టె గోరువెచ్చనైంది తప్ప చేతిరుమాలు మడత కూడా పోయేలా లేదు. ఎవరి మీద పడితే వాళ్ళ మీద ఏడుపు రమ్మంటే వస్తుందా? ప్లగ్గు పెడదామంటే కరెంటు లేదు. మొగుడు సూది పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నేను చెప్పలేదా అనలేదు, అది ఆయన మంచితనం.

"అయిపోయింది," అంది పెద్దకోడలు, బల్ల మీద చెయ్యి ఆన్చి. "నా కొట్టూ పోయినట్టే."

సంగతి విని చిన్నకోడలు కట్ట కింద పెట్టింది. "ఇలా తే అక్కా," అని పెట్టె అందుకుంది. అందుకుని స్టూలు వైపు ఒక్కసారి చూసింది. పెట్టె చుయ్‌మంది. ఆవిరి పైదాకా లేచింది.

పెద్దకోడలు నోరు తెరిచింది. "నీకెందుకు కాలిందే? నన్ను చూసి కుళ్ళుకోవడానికి నా దగ్గరేముంది?"

చిన్నకోడలు ముందు ఒక కాలరు నొక్కింది.

"నా గాజుతలుపులోంచి రోజంతా మీ కొట్టే కనిపిస్తుందక్కా. పదకొండింటికి బావగారు టీ తెస్తారు. నీకు పోసిచ్చి, తన గ్లాసులోది కాస్త మళ్ళీ నీ గ్లాసులో వంపుతారు. నువ్వు చూడవు కూడా. మా ఆయన సరుకు కోసమని వెళ్తే పదిహేను రోజులకో ఫోను. అదీ అమ్మకం ఎంతయిందని. తిన్నావా అని అడగడు. పదేళ్ళుగా చూస్తున్నా. ఆ గ్లాసు వంపినప్పుడల్లా నా కడుపు భగ్గుమనేది."

మొగుడు తల వంచుకుని లేని దారాన్ని సూదిలోకి ఎక్కించుకున్నాడు.

పెద్దకోడలికి అప్పుడు గుర్తొచ్చింది. టీ ఎప్పుడూ తన గ్లాసులోనే ఎక్కువుండేది. తను త్వరగా తాగదు కాబట్టి అనుకునేది.

పన్నెండు కోట్లు అయ్యేసరికి, మనసులో మాట బయటపడ్డందుకో ఏమో, చిన్నకోడలి చేతిలో వేడి సన్నగిల్లింది. పెద్దకోడలు గడియారం చూసి మొగుడి వైపు తిరిగింది.

"ఆ స్టూలు కాస్త ఇటు జరపండి. దాని కళ్ళెదురుగా. ఆ పాటేదో అందుకోండి."

"ఇరవయ్యేళ్ళుగా నోరు ముయ్యమన్నదానివి!"

"ఇప్పుడు తెరవమంటున్నా."

ఆయన అందుకున్నాడు. ఎప్పట్లాగే శ్రుతి లేదు. పెట్టె మళ్ళీ కణకణలాడింది. అయినా పదకొండున్నరకి ముప్పై కోట్లు మిగిలే ఉన్నాయి. ఒక్క పెట్టెతో తెమిలేవి కావు. ఆయనకి ఇవేం పట్టలేదు, ఉత్సాహం వచ్చి పాట ఆపి కబుర్లలోకి దిగాడు.

"ఒకసారి హారను చెడిన లారీ నడిపానమ్మా. దారి పొడుగునా నేనే కిటికీలోంచి తల బయటపెట్టి పాం పాం అని అరుచుకుంటూ వెళ్ళా!"

ఆ కథ పెద్దకోడలు నాలుగు వందల సార్లు వింది. ఒక్కసారీ నవ్వలేదు. చిన్నకోడలు మాత్రం తల వెనక్కి వాల్చి, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. ఎన్నాళ్ళకి నవ్విందో పాపం. ఆయన ముఖం వెలిగిపోయింది. దారం పళ్ళతో కొరికి, కొత్తపెళ్ళికొడుకులా అటే చూస్తూ, "ఇంకోటి చెప్పనా?" అన్నాడు.

ఆయన ముఖం అలా వెలగడం పెద్దకోడలు చూసి ఎన్నాళ్ళయిందో. ఆనుకుని నిలబడ్డ బల్ల మీదే రెండో పెట్టె ఉంది, కాలర్ల కోసం వాడే చిన్నది. దాని మీద ఆన్చిన చెయ్యి చుర్రుమంది. ఉలిక్కిపడి తీసుకుంది. తర్వాత పిడి పట్టుకుని, ఓ చుక్క నీళ్ళు చిలకరించింది. చుయ్‌మంది.

ఆమె ఇంకో కోటు అందుకుంది.

వ్యాను వచ్చేసరికి మూడు వందలూ మడతపెట్టి ఉన్నాయి. పన్నెండూ నలభైకి ఫోను టింగుమంది. బాకీ లక్ష దగ్గర ఆగింది.

సోమవారం చిన్నకోడలి కుట్టుమిషను రోడ్డు దాటి ఇవతలికి వచ్చింది. పగలు ఇస్త్రీ, మధ్యలో కర్టెన్లు, వచ్చినదాంట్లో చెరిసగం. కరెంటు కనెక్షను మళ్ళీ పెట్టిద్దామా అని మొగుడు అడిగితే ఇద్దరూ ఒక్కసారే వద్దన్నారు. పదకొండింటికి ఆయన మూడు గ్లాసులు తెచ్చి, స్టూలు మీద కూర్చుని టీ పోశాడు. ఎవరి గ్లాసులో ఎంత వంపుతున్నాడో ఇద్దరు తోడికోడళ్ళూ ఓరకంట చూశారు.

ఆ రోజు రెండు పెట్టెలూ సాయంత్రం దాకా చల్లారలేదు.