కుర్చీల పద్దు

మార్చి ఆఖరి వారంలో, పంజగుట్ట వెనక సందులోని సర్కారు దవాఖానలో నీళ్ల మోటారు కాలిపోయింది. నీళ్లు లేకుండా కాన్పులు చేయనని డాక్టరమ్మ సిల్వియా కాన్పుల గదికి తాళం వేయించింది. బోరబండ కూలిజనానికి ఆ గదే దిక్కు. ఆయా నాగేశ్వరిదీ బోరబండే. ఆమె కూతురు మంజూషకు నెలలు నిండాయి.

"పెద్ద దవాఖానకు పంపకుండ్రి సారూ. పోయినసారి ఆడ వరండాలనే కాన్పయి, పిల్ల దక్కలే," అంది నాగేశ్వరి, హెడ్ క్లర్కు దయారత్నంతో.

"ఫికర్ చెయ్యకు నాగేశ్వరీ. ప్రభువున్నడు, నేనున్న."

ప్రభువు సంగతి ఎట్లున్నా, దయారత్నం దగ్గర డబ్బు లేదు. అంటే, ఉంది. మరమ్మతుల పద్దు నిండుసున్న. ఫర్నిచర్ పద్దు మాత్రం మూతి కుట్టరానంత నిండిన బస్తా. దాన్ని మరమ్మతులకు వాడగూడదు, నెలాఖరు దాటితే వెనక్కి పోతుంది. కళ్లెదుట గడ్డివాము, నడుమ కంచె, ఇవతల కట్టేసిన బర్రె. డాక్టరమ్మ సొంత సొమ్ము పెడతానంటే, సర్కారు బోరులో ప్రైవేటు మోటారు దించగూడదని పైనుంచి జవాబొచ్చింది.

ఇట్లాంటప్పుడు పాతకాలం నుంచీ ఒక దారి ఉంది. ఆఫీసులో దాన్ని సర్దుబాటు అంటారు. బిల్లు కుర్చీలకు, వచ్చేది మోటారు. ఆ దారిన రోగులకు నీళ్లూ వచ్చాయి, కొందరికి మేడలూ లేచాయి. అందుకే దాన్ని మూయడానికి కొత్త పద్ధతి పెట్టారు. సరుకు ఫొటో కంప్యూటర్లో ఎక్కితేనే బిల్లు పాసవుతుంది.

"ఫొటోనే కదా ప్రసాద్ గారూ! పొద్దున కుర్చీలు దించుండ్రి, ఫొటో కొడతం, సాయంత్రం ఎత్తుకపోయి మోటారు ఇయ్యుండ్రి," అన్నాడు దయారత్నం.

హనుమత్ప్రసాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు కుర్చీలమ్మి పైకొచ్చినవాడు. "మీ మాట కాదంటానా అండీ," అన్నాడు.

కుర్చీలు దిగాయి. వరండా నిండిపోతే, ఖాళీగా ఉంది కదా అని కాన్పుల గది తాళం తీయించి, మిగిలినవి అందులో పేర్చారు. ఫొటో ఎక్కింది. మధ్యాహ్నానికల్లా పైఆఫీసు నుంచి ఒకావిడ నవ్వుతూ వచ్చి, కుర్చీ కుర్చీకీ సర్కారు నంబరు స్టిక్కరు అంటించి పోయింది. ఇది కూడా కొత్త పద్ధతిలో ఉన్నదే. ఉత్తర్వు చివరి పేజీ దాకా చదివే అలవాటు దయారత్నానికి లేదు.

సాయంత్రం బండితో వచ్చిన హనుమత్ప్రసాద్ స్టిక్కరు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇవి నా కొట్లో దొరికితే నేను దొంగనండీ. మీరైతే..."

"నా పింఛన్ పోతది."

"మరేం చేద్దామంటారు?"

ఏం చేస్తారు? బండి ఖాళీగా వెళ్లిపోయింది.

ఏప్రిల్ మొదట్లో దయారత్నం ఫోనుకు పైఆఫీసు నుంచి మెసేజి వచ్చింది. ఫర్నిచర్ పద్దు పూర్తిగా ఖర్చుచేసినందుకు మెచ్చుకోలు. ఈ ఏడు ఆ పద్దు పెంచారు. మరమ్మతులకు పోయినేడు ఒక్క రూపాయీ ఖర్చు కాలేదు గనుక, ఈ ఏడూ అక్కర్లేదని తేల్చారు.

అది చదువుతుండగానే గేటు ముందు ఆటో ఆగింది. నాగేశ్వరి మంజూషను జబ్బ పట్టి నడిపించుకొచ్చింది. గుమ్మంలోనే మంజూష గోడ పట్టుకుని, పళ్లు కరిచి వంగిపోయింది. వరండాలో అడుగుపెట్టే సందు లేదు.

"ఇంకెక్కడికీ పంపే టైం లేదు! దారి చేయండి!" కుర్చీల అవతల నుంచి అరిచింది సిల్వియా, తాళంచెవి చేతిలో పట్టుకుని.

"కూసోనీకి మస్తుగ పెట్టిన్రు సారూ," అంది నాగేశ్వరి. "కననీకి జర జాగ సూపియ్యుండ్రి."

దయారత్నం ఒక కుర్చీ ఎత్తాడు. ముందు కుర్చీలు, వెనక కుర్చీలు. ఎత్తింది ఎక్కడ దించాలో తెలియక, నెత్తిమీద పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.