విత్తనం కప్పేదాకా

మా నాయనమ్మ సంపూర్ణమ్మకి విత్తనం చల్లేటప్పుడు ఒక నియమం ఉంది. మొదటి పిడికిలి నేలమీద పడింది మొదలు ఆఖరి గింజమీద మట్టి పడేదాకా చేలో ఎవరూ నోరు విప్పకూడదు. మాట్లాడితే చీమలు వింటాయట. గింజ ఎక్కడుందో తెలుసుకుని తెల్లారేసరికి మోసుకుపోతాయట. ఇంట్లో అందరికీ అది కష్టంగా ఉండేది. నాకు మాత్రం హాయి. మాట్లాడనక్కర్లేని చోటు నాకు అదొక్కటే.

ఆ ఏడు వరద తీశాక ఏటి మధ్య లంకలో మా పది సెంట్ల చేను చెక్క ఆరింది. అప్పుడు నేను పదో తరగతి. ముందటేడు నోరు కట్టుకుని చల్లినా పెసలు సగం చీమల పాలయ్యాయి. అందుకని నాయనమ్మ ఈసారి గింజలమీద నీళ్లు చిలకరించి, డబ్బాలోంచి తెల్లటి చీమల మందు పోసి కలిపింది. చేతికి గుడ్డ చుట్టుకుంది.

"ఇది ముట్టుకున్న చేత్తో మూతి తుడుచుకోకే," అంది నాతో.

పక్కింట్లోనే ఉండే మా పిన్ని రామతులసి బట్టలుతకడానికి రేవుకి వెళ్తూ తన నాలుగేళ్ల కూతురు పాపాయిని గట్టుమీద కూర్చోబెట్టింది.

"ఇది చూస్తుందంటావా?" అంది నాయనమ్మ నన్ను చూపిస్తూ.

"నోరు లేకపోతే ఏం అత్తయ్యా, కళ్లున్నాయిగా," అని నవ్వుతూ వెళ్లిపోయింది పిన్ని.

నాయనమ్మ పెదవులమీద వేలు పెట్టుకుంది. పాపాయి కూడా పెట్టుకుంది. మొదలైంది.

నాయనమ్మ చేను పొడుగునా ఒక్కో పట్టీ చల్లుకుంటూ ముందు వెళ్లేది. వెనకాల నేను రాయి కట్టిన తుమ్మకంప లాగేదాన్ని. కంప వెళ్లినచోట మట్టి, దువ్విన జుట్టులా గీతలు పడి గింజ మాయమయ్యేది. కంప ఇంకా రానిచోట గింజలు బూడిద రంగులో కనిపిస్తూ ఉండేవి. ఒక గోరింక వాలి నాలుగైదు గింజలు తింది. నేను దగ్గరికి వెళ్లినా ఎగరలేదు. రెక్కలు దించుకుని అలాగే నిలబడింది.

మలుపు దగ్గర తల తిప్పాను. పాపాయి గట్టుమీద లేదు. నాకు రెండు పట్టీల అవతల, కప్పని నేలమీద గొంతుక్కూర్చుని ఏరుకుంటోంది. బుగ్గలు కదులుతున్నాయి. నానిన పెసలు దానికి వడపప్పే. నేను చూడటం చూసి వేలు పెదవులమీద పెట్టుకుంది. నమలడం మాత్రం ఆపలేదు.

అరవాల్సింది. అవతల కొసన నాయనమ్మ వీపు కనబడుతోంది. గింజలు కప్పేస్తే దానికి దొరకవు కదా అనిపించింది. కంప పట్టుకుని పరుగెత్తాను. ఒక పట్టీ కప్పాను, రెండోది కప్పాను. దాన్ని చేరేసరికి పెదవులమీద తెల్లటి పొడి ఉంది. ఎత్తుకుని నీళ్ల బోదె దగ్గరికి తీసుకెళ్లి నోరు కడిగాను. చక్కిలిగింత పెట్టినట్టు నవ్వింది. ఏమీ కాలేదు.

ఆఖరి పట్టీ కప్పాక నాయనమ్మ నడుం పట్టుకుని, "అమ్మయ్య! ఇక కూయండే కాకుల్లారా," అంది. అప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు.

మధ్యాహ్నం అన్నం దగ్గర పాపాయి చెయ్యి దానంతటదే కొట్టుకోవడం మొదలుపెట్టింది. ముద్ద జారిపోయింది. కళ్లు పైకి తిరిగాయి.

"మందు పెసలు తింది," అన్నాను. అంతే అన్నాను.

రేవు దాటించే సత్తియ్య పడవలో ఏరు దాటి అవతలి ఊరి డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఫిట్స్ ఆగిపోయింది. పాపాయి నిద్రపోతున్నట్టు ఉంది.

"ఎప్పుడు తిందమ్మా?" అన్నారు డాక్టరు గారు.

"ఇప్పుడేనండి, అన్నానికి ముందు," అంది నాయనమ్మ. ఇంటికి తెచ్చిన మిగతా గింజలు తిందనుకుంది.

"అయితే ఫరవాలేదు. కడుపు కడిగేస్తాను. చీకటి పడేలోపు ఇంటికి తీసుకెళ్లిపోవచ్చు."

పిన్ని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. నర్సు గొట్టం తెచ్చింది. గోడ గడియారంలో ఒకటిన్నర.

"తొమ్మిదికండి," అన్నాను. ఎవరికీ వినబడలేదు. మళ్లీ అన్నాను. "పొద్దున తొమ్మిదికండి. నేను చూశానండి."

పిన్ని నావైపు తిరిగింది. "చూసి?"

"కంప లాగాను పిన్నీ."

డాక్టరు గారు గొట్టం పక్కన పెట్టేశారు. సూది మందు ఇచ్చి జీపు పిలిపించారు. "రాజమండ్రి పెద్దాసుపత్రి. ఎక్కడా ఆగొద్దు. ఇది ఒంటికి పట్టేసింది, ఫిట్స్ మళ్లీ వస్తుంది," అన్నారు. దారిలో ఒకసారి వచ్చింది. ఆసుపత్రి మంచంమీద ఇంకా పెద్దది వచ్చింది. ఇంట్లో ఉండగా వచ్చుంటే పిల్ల దక్కేది కాదని అక్కడివాళ్లు పిన్నితో అన్నారు. నాలుగో రోజున పాపాయి మంచినీళ్లు అడిగింది.

వాళ్లు తిరిగొచ్చేసరికి పెసలు మొలిచాయి. కంప వెళ్లినచోటల్లా ఒత్తుగా, ఎన్నడూ లేనంత బాగా మొలిచాయి. పాపాయి కూర్చున్నచోట మాత్రం కంచమంత మేర బోడిగా ఉంది. నాయనమ్మ అక్కడ నిలబడి చాలాసేపు చూసింది.

పిన్ని మా రెండు పెరళ్ల మధ్య దడి కట్టించింది. నాతో మాట్లాడదు. పాపాయి మాత్రం దడి సందులోంచి నన్ను చూసినప్పుడల్లా వేలు పెదవులమీద పెట్టుకుని నవ్వుతుంది.